ముప్పై వెండి నాణేలు ఎవరివి? ఇస్కరియోతు యూదా మీద పడిన చరిత్ర

ద్రోహి అనే ముద్ర ఇస్కరియోతు యూదా మీద పడినంత గట్టిగా లోకంలో మరెవరి మీదా పడలేదు. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో పేతురు, పౌలు, యోహాను, తోమా అనే పేర్లు ఇంటింటికీ దొరుకుతాయి. యూదా పేరు పెట్టుకున్న మనిషి కనబడటం అరుదు. శ్రమల దినాల్లో ప్రసంగం వినే ప్రతి మనిషికీ ఈ కథ తెలుసు: డబ్బు సంచి మోసినవాడు, గురువును ముప్పై నాణేలకు అమ్మినవాడు, ముద్దుపెట్టి పట్టించినవాడు, ఉరేసుకుని చచ్చినవాడు. నాలుగు ముక్కల్లో మనిషి అయిపోయాడు.

అతను మంచివాడా చెడ్డవాడా అని తేల్చడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. ఆ పంచాయితీ వేదపండితులు చూసుకుంటారు. మా ప్రశ్న వేరు. ఒక మనిషి గురించిన నాలుగు వాక్యాలు శతాబ్దాల తరబడి ఎట్లా పెరిగాయి, ఎవరి చేతుల్లో పెరిగాయి, అట్లా పెరిగిన కథకు వెల ఎవరు చెల్లించారు? నీతికథగా చెప్పుకున్నంత కాలం ఈ ప్రశ్నలు రావు. చరిత్రగా చదివితేనే వస్తాయి.

ముందు పాఠాలను రాసిన వరుసలో పెట్టి చూద్దాం. కొత్త నిబంధనలో అన్నిటికన్నా పాతవి పౌలు ఉత్తరాలు. యేసు చనిపోయిన ఇరవై, ఇరవై అయిదేళ్లకు రాసినవి. వాటిలో యూదా పేరే లేదు. ఆ చివరి రాత్రి సంగతి కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఉంది. యేసు అప్పగింపబడ్డాడని ఉందిగాని ఎవరు అప్పగించారో లేదు. పైగా తిరిగి లేచిన క్రీస్తు పన్నెండుమందికీ కనిపించాడని అదే పత్రికలో పౌలు రాశాడు. పదకొండు అనలేదు.

క్రీ.శ. 70 ప్రాంతాల్లో మార్కు సువార్త వచ్చింది. ఇందులో యూదా ఉన్నాడు. ప్రధాన యాజకుల దగ్గరికి వెళతాడు, పట్టిస్తానంటాడు. డబ్బు ఇస్తామని వాళ్లే అంటారు. ఎంతో చెప్పలేదు. ఎందుకు పట్టించాడో చెప్పలేదు. తర్వాత ఏమయ్యాడో కూడా చెప్పలేదు. తోటలో ముద్దు తర్వాత ఆ మనిషి కథలోంచి మాయమైపోతాడు. మొట్టమొదటి సువార్త చెప్పింది ఇంతే.

ఇక్కడ మాట ఒకటి పట్టుకోవాలి. గ్రీకులో యూదా చేసిన పనికి వాడిన క్రియకు అప్పగించడం, చేతిలో పెట్టడం అని అర్థం. పిలాతు యేసును సిలువకు అప్పగించాడన్నా ఆ క్రియే. దేవుడు తన కుమారుణ్ణి మన కోసం అప్పగించాడని పౌలు రోమీయులకు రాసినప్పుడూ అదే. ఇంగ్లీషు బైబిలు యూదా దగ్గరికి వచ్చేసరికి ద్రోహమనే అర్థమొచ్చే మాట వేసి, దేవుడి దగ్గర వేరే మాట వేసింది. తెలుగు బైబిలు మాత్రం రెండు చోట్లా అప్పగించడమనే రాసింది. మన అనువాదకులు ఇక్కడ మూలానికి దగ్గరగా ఉన్నారు. ప్రసంగీకులే ఉండరు. ద్రోహి అని సూటిగా అర్థమొచ్చే మాట యూదాకు సువార్తల్లో పడింది లూకాలో ఒక్కచోట. ఈ సంగతిని కెనడా పండితుడు విలియం క్లాసెన్ 1996లో వచ్చిన పుస్తకంలో వివరంగా చర్చించాడు. ఆయన తేల్చినవన్నీ మేము ఒప్పుకోం. మాట గురించి ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రం తీసిపారేసేది కాదు.

మార్కు వదిలేసిన ఖాళీలను తర్వాతివాళ్లు పూరించుకుంటూ పోయారు. మత్తయి బేరం పెట్టాడు. నాకేమిస్తారు అని యూదా చేతనే అడిగించాడు, ముప్పై వెండి నాణేలని లెక్క చెప్పాడు, పశ్చాత్తాపం చూపించాడు, ఉరి వేయించాడు. లూకా సాతానును తెచ్చాడు. అపొస్తలుల కార్యములలో యూదా ఉరేసుకోలేదు. ఆ డబ్బుతో పొలం కొని, అందులో తలకిందులుగా పడి, పొట్ట పగిలి చచ్చాడు. మత్తయిలో పొలం కొన్నది యాజకులు, ఇక్కడ కొన్నది యూదా. ఒకే మనిషికి రెండు చావులు. రెండో శతాబ్దంలో పాపియాస్ మూడోది చెప్పాడు: ఒళ్లు బండి పట్టే సందులో కూడా పట్టనంతగా వాచి, కుళ్లి, అతను చచ్చిన చోటు కంపు కొట్టి ఎవరూ అటు పోలేదట. గిట్టనివాడి శరీరాన్ని కంపుగా, రోతగా చెప్పడం ఎక్కడిదో మనకు ఒకరు నేర్పాల్సిన పని లేదు.

అన్నిటికన్నా పెద్ద మార్పు యోహానులో జరిగింది. దాని దగ్గర కాస్త ఆగుదాం. బేతనియలో ఒక స్త్రీ ఖరీదైన అత్తరు తెచ్చి యేసు మీద పోసింది. దాన్ని అమ్మితే మూడువందల దేనారాలు వచ్చేవి. దేనారం ఆనాటి కూలివాడి ఒకరోజు కూలి. అంటే ఏడాది కూలీ డబ్బు ఒక్కసారిగా పోసేసినట్టు. అమ్మి బీదలకు ఇవ్వొచ్చు గదా అని ఎవరో అడిగారు. ఎవరు అడిగారు? మార్కులో ‘కొందరు’. మత్తయిలో ‘శిష్యులు’. యోహానుకు వచ్చేసరికి ఆ అడిగినవాడు ఇస్కరియోతు యూదా ఒక్కడే. అంతటితో ఆగలేదు. వాడు బీదల మీద ప్రేమతో అడగలేదు, దొంగ కాబట్టి అడిగాడు, సంచిలో వేసింది కాజేసేవాడు అని రచయిత పక్కనుంచి వ్యాఖ్య కూడా చేర్చాడు.

గమనించండి. ముందు పదిమంది నోట ఉన్న న్యాయమైన ప్రశ్న. తర్వాత దాన్ని ఒక్కడి నోట్లో పెట్టారు. ఆ తర్వాత అతన్ని దొంగ అన్నారు. దాంతో ప్రశ్నే దొంగదైపోయింది. కూలీ లెక్క అడిగినవాణ్ణి సంఘం డబ్బు తిన్నాడని నోరు మూయించడం మన పల్లెల్లో, మన సంఘాల్లో కూడా చూస్తూనే ఉన్నాం. యోహాను కావాలనే ఇట్లా చేశాడని మేము అనడం లేదు. ఆ స్త్రీ చేసిన పనిని యేసు మెచ్చుకున్న మాట మూడు సువార్తల్లోనూ ఉంది, దాని విలువ దానికుంది. మా మాటల్లా ఇదే: బీదల ప్రశ్న ఎవరి నోట్లోంచి ఎవరి నోట్లోకి మారిందో చూడకుండా ఈ కథ మీద ప్రసంగం చెప్పకూడదు. విచిత్రమేమంటే అదే యోహానులో, ఆఖరి రాత్రి యూదా లేచి బయటికి పోతే, బీదలకు ఏదో ఇవ్వడానికి పోతున్నాడేమోనని మిగతా శిష్యుల్లో కొందరు అనుకున్నారు. అంటే సంచి మోసేవాడికి అది అలవాటైన పనే అన్నమాట. ఆ వాక్యం చెరిపేయకుండా మిగిలిపోయింది.

కథ ఇట్లా ఎందుకు పెరిగింది? కారణం ఆ కాలపు రాజకీయాల్లో ఉంది. సిలువ రోమా ప్రభుత్వం వేసే శిక్ష. తీర్పు చెప్పింది 26 నుంచి 36 దాకా యూదయను పాలించిన పొంతి పిలాతు. అతని క్రూరత్వం గురించి ఆ కాలపు యూదు రచయిత ఫీలో రాశాడు. అయితే 70లో రోమా సైన్యం యెరూషలేము దేవాలయాన్ని కూల్చింది. ఆ యుద్ధం తర్వాత రోము కింద బతకాల్సిన చిన్న చిన్న క్రైస్తవ సంఘాలు, మేము తిరుగుబాటు చేసిన ఆ యూదుల బాపతు కాదు అని చెప్పుకోవాల్సి వచ్చింది. సువార్త తర్వాత సువార్తలో పిలాతు మెత్తబడతాడు. చేతులు కడుక్కోవడం మత్తయిలో మాత్రమే ఉంది. ఆ నేరం మా మీదా మా పిల్లల మీదా ఉండనీ అని జనం అన్నట్టు రాసిందీ మత్తయిలోనే. చంపిన రాజ్యం చేతులు శుభ్రమయ్యాయి. నేరం చచ్చినవాడి జాతికే చుట్టుకుంది. ఇథియోపియా సంప్రదాయంలో పిలాతు పరిశుద్ధుడు కూడా అయ్యాడు. శిక్ష వేసిన అధికారి పరిశుద్ధుడు, పట్టించిన అనుచరుడు పిశాచం!

ఇక్కడ పేరు పని చేసింది. యూదా అనేది ఆ రోజుల్లో బాగా వాడుకలో ఉన్న పేరు. యేసు తమ్ముళ్లలో ఒకడు యూదా. పన్నెండుమందిలోనే ఇంకో యూదా ఉన్నాడు. క్రీ.శ. 6లో రోమా జనాభా లెక్కలకు ఎదురు తిరిగిన గలిలయవాడు యూదా. ఇంగ్లీషులో మంచివాళ్లకు ఒక రూపం, ఇతనికి ఒక రూపం చేసి పేర్లు విడదీశారు. తెలుగులో అందరూ యూదాలే, జాతి పేరు యూదులు. మన చెవికి ఈ రెండూ ఒకటిగా వినబడతాయి. సంఘపితరులు ఈ పోలికనే సిద్ధాంతం చేశారు. పేతురు సంఘానికి గుర్తయినట్టే యూదా యూదు జాతికి గుర్తు అని అగస్టీను వ్యాఖ్యానించాడు. యోహాను క్రిసోస్తొము 386-87లో అంతియొకయలో యూదులకు వ్యతిరేకంగా వరసగా ప్రసంగాలు చేశాడు. ఆ రాత్రి యేసును వదిలి మిగతా పదకొండుమందీ పారిపోయారు. పేతురు మూడుసార్లు ఎరగనన్నాడు. అంతకుముందు యేసు సాతానా అని గద్దించింది కూడా పేతురునే. అతని తప్పు అతని ఒక్కడిదిగా మిగిలింది, క్షమాపణ దొరికింది. యూదా తప్పు మాత్రం పుట్టుకతో వచ్చేదైంది, పిల్లలకు, పిల్లల పిల్లలకు వారసత్వమైంది. పుట్టుకను బట్టి దోషం అంటగట్టే ఈ పద్ధతి మనకు వేరే పేరుతో తెలుసు.

దీని ఫలితం పుస్తకాల్లో ఆగలేదు. 1096లో మొదటి క్రూసేడుకు బయల్దేరిన మూకలు రైను నది ఒడ్డున వార్మ్స్, మైన్జ్ పట్టణాల్లో యూదులను ఊచకోత కోశాయి. 1215లో నాలుగో లాటరన్ మహాసభ యూదులు, ముస్లిములు బట్టలతోనే వేరుగా గుర్తుపట్టేట్టు ఉండాలని శాసించింది. చాలాచోట్ల ఆ గుర్తు పసుపురంగు గుడ్డ అయింది. 1305 ప్రాంతంలో పాదువాలో జొత్తో గీసిన కుడ్యచిత్రంలో యేసును ముద్దుపెట్టుకుంటున్న యూదా కప్పుకున్నదీ పసుపురంగు వస్త్రమే. దాంతే తన నరకంలో అట్టడుగున సాతాను నోట్లో అతన్ని పెట్టాడు. తండ్రిని చంపి తల్లిని పెళ్లాడినవాడని కట్టుకథలు పుట్టాయి. 1543లో మార్టిన్ లూథర్ యూదుల ఇళ్లు, ప్రార్థనాలయాలు తగలబెట్టమని రాశాడు. లూథరన్ మిషన్ ద్వారా గుంటూరు ప్రాంతంలో చదువుకున్న మన తాతముత్తాతలకు లూథర్ ఎవరో చెప్పారుగాని ఈ సంగతి చెప్పినట్టు లేదు. జర్మనీలో ఒబెరామెర్గౌ అనే ఊళ్లో 1634 నుంచి ఆడుతున్న క్రీస్తు శ్రమల నాటకాన్ని 1934లో హిట్లర్ చూశాడు. 1941 సెప్టెంబరులో జర్మనీలో ఆరేళ్లు దాటిన ప్రతి యూదు మనిషి పసుపు నక్షత్రం కుట్టుకోవాలని ఉత్తర్వు వచ్చింది. నాజీలు చర్చి సృష్టి అని మేము అనం, జాతివాదానికి వేరే మూలాలున్నాయి. అయితే వాళ్లకు కావాల్సిన బొమ్మ సిద్ధంగా దొరికింది.

1940లలో డాక్టర్ అంబేద్కర్ నాజీల యూదు ద్వేషాన్నీ, అంటరానివాళ్ల పట్ల సనాతనుల వైఖరినీ ఒకే గాటన కట్టి రాశాడు. రంగుగుడ్డ కట్టించడానికీ, మెడలో ముంత కట్టించడానికీ మధ్య తేడాలు లేవని కాదు. ఒకచోట దాన్ని ద్రోహమన్నారు, ఇంకోచోట కర్మ అన్నారు. మనిషి పుట్టకముందే తీర్పు అయిపోవడం మాత్రం రెంటిలోనూ ఉంది.

దిద్దుబాటు ఆలస్యంగా మొదలైంది. ఫ్రెంచి చరిత్రకారుడు జూల్ ఇసాక్ భార్యా కూతురూ ఔష్విట్జులో హతమయ్యారు. ఆయన 1948లో యేసు, ఇశ్రాయేలు సంబంధం మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. 1960లో పోపు ఇరవైమూడో జాన్‌ను కలిసి, ద్వేషం బోధించడం ఆపమని అడిగాడు. 1965 అక్టోబరు 28న రెండో వాటికన్ మహాసభ, యేసు మరణాన్ని ఆనాటి యూదులందరికీ గాని ఈనాటి యూదులకు గాని అంటగట్టరాదని ప్రకటించింది. 1992లో హయామ్ మాకోబీ ఇంకో అడుగు ముందుకేసి, యూదా చేసిన ద్రోహం కథే కల్పితమని వాదించాడు. ఇవన్నీ జరిగినా, 2019లో పోలండులోని ప్రుఖ్నిక్‌లో గుడ్ ఫ్రైడే నాడు యూదుల వేషం కట్టిన యూదా బొమ్మను వీధుల్లో ఈడ్చి పిల్లల చేత కర్రలతో కొట్టించారు. అక్కడి బిషప్పులే ఖండించాల్సి వచ్చింది.

మన దగ్గర యూదులెవరు, మనకెందుకు ఈ గొడవ అనేవాళ్లుంటారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో మాదిగ కుటుంబాలు కొన్ని తాము ఎఫ్రాయిము గోత్రపు యూదులమని చెప్పుకుని, 1990ల మొదట్లో సినగాగు పెట్టుకున్నాయి. అంతకుముందు వాళ్లు బాప్టిస్టు క్రైస్తవులు. వాళ్ల వాదన చరిత్రకు నిలుస్తుందా అనేది వేరే చర్చ. పక్కనున్న చర్చిలో శుక్రవారం నాడు యూదులు క్రీస్తును చంపారని మైకులో చెబితే ఆ మాట ఇప్పుడు ఎవరి గుమ్మం ముందు పడుతుందో మనం ఆలోచించాలి.

తిట్టు చాలించి పొగడ్త మొదలుపెట్టినంత మాత్రాన కూడా చరిత్ర కాదు. 2006 ఏప్రిల్లో యూదా సువార్త వెలుగులోకి వచ్చినప్పుడు ఆ పని జరిగింది. 180 ప్రాంతంలో ఇరెనేయుస్ తిట్టిన ఈ పుస్తకం కోప్టు భాషా ప్రతి 1970లలో ఈజిప్టులో దొరికింది. పురావస్తువుల వ్యాపారుల చేతులు మారుతూ, న్యూయార్కు దగ్గర ఒక బ్యాంకు లాకరులో పదహారేళ్లు పడి ముక్కలైపోయింది. నేషనల్ జియోగ్రాఫిక్ దాన్ని అచ్చువేసినప్పుడు, యేసు ఆజ్ఞ మీదే యూదా అప్పగించాడని, అతను వీరుడని పత్రికలు హోరెత్తించాయి. మరుసటి ఏడాదే ఏప్రిల్ డికోనిక్ అనే పండితురాలు అనువాదాన్ని తప్పుపట్టింది. ఆత్మ అని అనువదించిన మాటకు దయ్యం అని అర్థమని, ఆ పుస్తకంలో కూడా యూదా వీరుడు కాడని వాదించింది. మా మట్టుకు మాకు ఆ పుస్తకంలో ఆసక్తి వేరేచోట. అందులో పన్నెండుమంది శిష్యులు బలిపీఠం దగ్గర బలులిచ్చే యాజకుల్లాగా కలలో కనబడతారు. అంటే రెండో శతాబ్దంలోనే చర్చి పెద్దరికాన్ని ప్రశ్నించడానికి కొందరు యూదా పేరును వాడుకున్నారు. శరీరాన్ని, మట్టిని, లోకాన్ని తక్కువచేసే ఆ జ్ఞానవాదంలో కూలిచేసుకునేవాళ్లకు దొరికేదేమీ లేదు.

ద్రోహమనేది పుస్తకం ఎవరు రాశారన్నదాన్ని బట్టి మారుతుంది. ఇంటి గుట్టు లంకకు చేటన్న సామెత మనదే. అన్న గుట్టు చెప్పిన విభీషణుడికి గెలిచినవాళ్లు పట్టాభిషేకం చేసి భక్తుడన్నారు.

ఇక మన మీద పడ్డ నాణేల సంగతి. బియ్యానికి, గోధుమపిండికి, పాలపొడికి మతం అమ్ముకున్నారని దళిత క్రైస్తవులను ఎన్ని తరాలుగా అంటున్నారు! ముప్పై నాణేల కథకు ఇది దేశీ రూపం. రికార్డు చూద్దాం. ఒంగోలు ప్రాంతంలో మాదిగల ఉద్యమం తోళ్ల వ్యాపారం చేసిన ఎర్రగుంట్ల పేరయ్యతో మొదలైంది. ఆయన బాప్తిస్మం 1866లో, అంటే 1876-78 కరువుకు పదేళ్ల ముందు. కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. కూలి కోసం వచ్చారనే మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం పనులు ముగిశాక 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మట్టి తవ్వినందుకు తీసుకున్నది కూలి. దాన్ని లంచమన్నది ఎవరు? వాళ్ల చేత తరాలుగా ఊరికే వెట్టి చేయించుకున్నవాళ్లు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ వచ్చింది. క్రైస్తవ దళితులకు మతం మారినందుకు వెల కట్టమన్నారు. అమ్ముడుపోయినవాళ్లని పేరు పడ్డవాళ్లే ఎదురు చెల్లించారు!

ఈ ముద్ర అంబేద్కర్‌నూ వదల్లేదు. 1942లో వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా చేరినందుకు దేశద్రోహి అన్నారు. 1997లో అరుణ్ శౌరి పుస్తకం మొత్తం ఆ ఆరోపణ మీదే నడిపాడు. మనం కూడా ఈ రోగానికి అతీతులం కాము. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైన దగ్గర్నుంచి 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి ఇచ్చేదాకా, ఆ తర్వాతా, ద్రోహి అనే మాట రెండు వాడల్లోనూ వినబడింది. ఒక నాయకుడు ఒక పార్టీతో చేసుకున్న బేరానికి అతన్ని నిలదీయాల్సిందే. అతని కులం పేరు పెట్టి తిట్టినప్పుడు అగస్టీను చేసిన పనే మనమూ చేస్తున్నాం.

మళ్లీ మత్తయి దగ్గరికి వద్దాం. ఆ ముప్పై నాణేలు ఎక్కడివి? నిర్గమకాండంలో, ఎద్దు పొడిచి దాసుడు చస్తే యజమానికి కట్టాల్సిన పరిహారం ముప్పై తులాల వెండి. జెకర్యా గ్రంథంలో కాపరికి లెక్కగట్టి ఇచ్చిన కూలీ కూడా అంతే. యేసుకు కట్టిన వెల బానిస వెల. యూదా ఆ డబ్బు దేవాలయంలో విసిరికొట్టి పోయాడు. యాజకులు దాన్ని ఏరుకుని, ఇది రక్తపు సొమ్ము, కానుకపెట్టెలో వేస్తే మైల అన్నారు. ఇచ్చినప్పుడు లేని మైల తిరిగొచ్చినప్పుడు ఎక్కడిది? బేరమాడిన చేతులు వాళ్లవే. లెక్కపెట్టి ఇచ్చిన చేతులు వాళ్లవే. మైల మాత్రం పుచ్చుకున్నవాడి చెయ్యి తగిలినందుకు వచ్చింది. చివరికి ఆ డబ్బుతో కుమ్మరివాడి పొలం కొన్నారు. ఎవరికి? పరదేశులను పాతిపెట్టడానికి. తమ సమాధుల్లో చోటు దొరకనివాళ్లకు.

అకెల్దమ, అంటే రక్తపు పొలం, యెరూషలేముకు దక్షిణాన హిన్నోము లోయలో ఇప్పటికీ చూపిస్తారు. గ్రీకు సన్యాసినుల మఠం ఒకటి, చుట్టూ రాతిలో తొలిచిన పాత సమాధులు ఉన్నాయి. పన్నెండో శతాబ్దంలో యాత్రకొచ్చి చనిపోయిన దిక్కులేనివాళ్లను అక్కడే పూడ్చారు.